దీపముండగనే: 1947 నాటి ఇంగ్లండు బొగ్గుకరవు

రేడియో కార్యక్రమముల పత్రిక ఒక వారము చేతికి రాకున్నచో శ్రోతకు కలుగు లోటు పెద్దది కాదు. ఏ వేళకు ఏ పాట వచ్చునో తెలియక ఒకటి రెండు మంచి ప్రసంగములు చెవి దాటిపోవును, అంతియే. కాని 1947 ఫిబ్రవరిలో ఇంగ్లండునందు బి.బి.సి. వారి 'రేడియో టైమ్సు' వరుసగా రెండు వారములు వెలువడలేదు. లండను నగరముపై బాంబులు కురిసిన యుద్ధదినములలో సైతము నిలువక నడచిన పత్రిక అది. శత్రువునకు సాధ్యము కాని పనిని, యుద్ధము ముగిసిన రెండేండ్లలోపల, బొగ్గుకరవు సాధించెను.

ఆ శీతకాలమున ఇంగ్లండు గృహస్థులు ఎట్లు దినములు గడపిరో, ఆ యిబ్బందికి మూలమెక్కడ నుండెనో మనమిప్పుడు కొంత విచారింతము. రాజుల యుద్ధములును, సంధిపత్రములును మాత్రమే చరిత్ర కాదు. ఒక యిల్లాలు ఉదయము తొమ్మిది గంటలకు దీపమార్పి, చన్నీటితో గిన్నెలు తోముకొనుటయు చరిత్రయే. పైగా ఆ చీకటిదినములలోనే మన దేశమునకు సంబంధించిన యొక గొప్ప ప్రకటన లండనులో వెలువడినది. కావున ఈ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఇంగ్లండు ఆనాడు బొగ్గుపై నిలిచిన దేశము. రైళ్లు నడచుట బొగ్గుతో. ఉక్కు కరగుట బొగ్గుతో. వంటయింటి గ్యాసు పుట్టుట బొగ్గునుండి. విద్యుత్తు పుట్టుటయు దాదాపుగా బొగ్గునుండియే. ఇక ప్రతి యింట గోడలో నమర్చిన చలిపొయ్యి సంగతి చెప్పనేల? మన యిండ్లలో వంటపొయ్యి యెట్టిదో వారి యిండ్లలో ఆ చలిపొయ్యి యట్టిది. కుటుంబమంతయు చేరి కూర్చుండు తావు అదియే.

అట్టి దేశమున బొగ్గు క్రమముగా తగ్గుచు వచ్చినది. 1913లో బ్రిటను గనులనుండి 28 కోట్ల 70 లక్షల టన్నుల బొగ్గు వెలువడెను. గనులలో 11 లక్షలమంది పనిచేయుచుండిరి. 1938 నాటికి అది 22 కోట్ల 70 లక్షల టన్నులకు దిగెను. 1946లో సుమారు 19 కోట్ల టన్నులు మాత్రమే లభించెను. కార్మికులు ఇంచుమించు ఏడు లక్షలు. యుద్ధకాలమున యువకులు సేనలలోనికిని ఆయుధకర్మాగారములలోనికిని పోవుటచే గనులు బోసిపోయెను. 1943 డిసెంబరునుండి సైన్యమునకు పిలువబడిన యువకులలో పదింట ఒకనిని చీట్లు వేసి ఎన్నుకొని, తుపాకికి మారుగా గునపము చేతికిచ్చి గనులలోనికి దింపిరి. కార్మికశాఖామంత్రి ఎర్నెస్ట్ బెవిన్ పేరిట వారికి 'బెవిన్ బాలురు' అని పేరు వచ్చెను. యుద్ధము ముగిసినది. కాని గనులు వెంటనే కోలుకొనలేదు. యంత్రములు పాతవి, మనుష్యులు అలసినవారు.

1947 జనవరి 1వ తేదీన లేబరు ప్రభుత్వము బొగ్గుగనులను జాతీయము చేసెను. నేటినుండి ఈ గని ప్రజల పక్షమున జాతీయ బొగ్గు సంస్థచే నడుపబడునని గనులవద్ద పలకలు నాటిరి. పలుతరములుగా కార్మికులు కన్న కల అది. పండుగ జరిగెను, జెండాలెగిరెను. ఆ పండుగ ముగిసి మూడు వారములైన కాకమునుపే మంచు కురియ నారంభించినది.

జనవరి 22వ తేదీ మొదలు మార్చి 17వ తేదీ వరకు, అనగా 55 దినములు, బ్రిటనులో ఎక్కడనో యొకచోట మంచు కురియని దినము లేదు. ఫిబ్రవరి 2 మొదలు 22 వరకు లండను చెంతనున్న క్యూ వేధశాలలో సూర్యుడు ఒక్క నిమిషమైనను కానరాలేదు. ఫిబ్రవరి 25న బెడ్‌ఫర్డ్ జిల్లాలోని వోబర్నువద్ద శీతలము సున్నకు దిగువ 21 సెంటిగ్రేడు డిగ్రీలకు చేరెను. రైలుమార్గములు మంచులో కూరుకొనిపోయెను. టైను నదీముఖమునుండి లండనుకు బొగ్గు తెచ్చు ఓడలు రేవు విడువలేకపోయెను.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. బొగ్గు బొత్తిగా లేకపోలేదు. గనుల వాకిండ్లలో కుప్పలు కుప్పలుగా నుండెను, వ్యాగనులలో నిండియుండెను. అయితే ఆ కుప్పలు గడ్డకట్టెను. వ్యాగనులలోని బొగ్గును గునపములతో పొడిచి విడదీయవలసివచ్చెను. విడదీసినను బండి కదలదు. బ్రిటిషు సైనికులను, పోలండు సైనికులను, ఇంకను స్వదేశమునకు మరలని జర్మను యుద్ధఖైదీలను పారలిచ్చి దారుల మంచు తీయుటకు నియోగించిరి. విమానపు జెట్ యంత్రములను రైలుబండ్లపై నెక్కించి వాని వేడిగాలితో మంచును ఊదివేయ జూచిరి. ఏటేట శీతకాలమునకు ముందు విద్యుత్కేంద్రములలో తగిన నిలువ చేర్చియుంచిన, ఆరు వారముల మంచునైనను దేశమెట్లో దాటియుండును. ఆ నిలువయే లేకపోయినది. కొన్ని కేంద్రములలో కొలదిదినములకు సరిపడు బొగ్గు మాత్రమే మిగిలెను.

ఈ ముప్పును ముందుగా చూచినవారు లేకపోలేదు. ప్రధానమంత్రి అట్లీకి ఆర్థిక సలహాదారుగా నుండిన డగ్లస్ జే 1946లోనే లెక్కలు కట్టి హెచ్చరించెను. ఇంధనశాఖామంత్రి ఎమాన్యుయెల్ షిన్‌వెల్ గనికార్మికుల నియోజకవర్గమునుండి ఎన్నికైనవాడు. కార్మికులపై అపారమైన నమ్మకము గలవాడు. గనులు తమవైన పిమ్మట కార్మికులు బొగ్గును పొంగించి పోయుదురని ఆయన విశ్వాసము. 1946 శరత్కాలమున ఆయన దేశమునకు ధైర్యము చెప్పెను. బొగ్గుకు ముట్టు రాదనెను. మరియొక చిక్కు కూడ కలదు. బొగ్గు రేషనులో చాలినంత రాకపోవుటచే గృహస్థులు విద్యుచ్ఛక్తితో పనిచేయు చలిపొయ్యిలను కొని యిండ్లలో నుంచుకొనిరి. బొగ్గు లేని యిల్లు విద్యుత్తు నాశ్రయించెను. ఆ విద్యుత్తేమో బొగ్గు నాశ్రయించియుండెను. ఒక చేతినుండి జారిన బరువు రెండవ చేతిపై పడినది.

1947 ఫిబ్రవరి 7వ తేదీ, శుక్రవారము. షిన్‌వెల్ కామన్సు సభలో లేచి, వచ్చు సోమవారమునుండి లండను, ఆగ్నేయ, మధ్య, వాయవ్య మండలములలోని కర్మాగారములకు విద్యుత్తు నిలిపివేయబడునని ప్రకటించెను. ఆ ప్రాంతములలోని గృహస్థులు ఉదయము 9 మొదలు 12 వరకును, మధ్యాహ్నము 2 మొదలు 4 వరకును విద్యుత్తును వాడరాదు. సభలోనివారు నిర్ఘాంతపోయిరి. నడుమ నున్నది శనివారము, ఆదివారము మాత్రమే. ఇండ్లకు విధించిన యీ నియమము కొలదిదినములలోనే దేశమంతటికిని వ్యాపించెను.

సోమవారము వచ్చెను. కర్మాగారములు మూతపడెను. కొలదిదినములలో 20 లక్షలమందికి పైగా కార్మికులు పనిలేక నిలిచిరి. దుకాణములలో క్రొవ్వొత్తులు వెలిగించి సరకులు తూచిరి. కార్యాలయములలో గుమాస్తాలు పైకోట్లు విప్పక, చేతితొడుగుల వ్రేళ్లు కత్తిరించుకొని, క్రొవ్వొత్తి వెలుగున చిట్టాలు వ్రాసిరి. బకింగుహాము రాజభవనములో సైతము క్రొవ్వొత్తులు వెలిగెను. రాజగు ఆరవ జార్జి మాత్రము అచట లేడు. ఫిబ్రవరి 1న రాణితోను కుమార్తెలిద్దరితోను దక్షిణాఫ్రికా పర్యటనకై ఓడనెక్కెను. ప్రజలు చలిలో వణకుచుండగా తాను ఎండలో తిరుగుట ఆయనకు మనసొప్పలేదు. తిరిగివత్తునా యని అడిగెను. రాజు హఠాత్తుగా మరలినచో లోకము మరింత భయపడునని అట్లీ వలదనెను.

ఇక ఇల్లాలి సంగతి. ఆమెకు ఆ నియమము గడియారము వంటిది కాదు, గడియారమునే మింగినది. తొమ్మిదింటికి ముందే వంటకు నీరు కాచుకొనవలెను. పన్నెండింటికిని రెండింటికిని నడుమ ఇస్త్రీయో వంటయో, ఏదో యొకటి ముగింపవలెను. గ్యాసున్న వారికి గ్యాసు సన్నగిల్లెను. అదియు బొగ్గునుండి వచ్చునదియే గదా! కడవలోని నీరు మరగుటకు పట్టుకాలము రెట్టింపాయెను. యుద్ధకాలమున నేర్చిన గడ్డిపెట్టె విద్య అట్టివేళ పనికివచ్చునది: కూర సగము ఉడికిన పిమ్మట ఆ గిన్నెను ఎండుగడ్డి దట్టించిన పెట్టెలో నుంచి మూతవేసినచో, తన వేడితో తానే మెల్లగా ఉడుకును. స్నానపుతొట్టిలో నీరు అయిదంగుళములు మించరాదన్నది యుద్ధకాలపు కట్టుబాటు. అదియు వారికి క్రొత్త కాదు.

ఇండ్లలోని నీటిగొట్టములు పలుచోట్ల వెలిగోడల వెంబడి నమర్చినవి. అవి గడ్డకట్టి పగిలెను. వీధికొళాయి వద్దకు బాల్చీలతో పోవువారు పోయిరి. గ్యాసు తీసిన పిమ్మట మిగులు కోకుబొగ్గు కొరకు గ్యాసు కర్మాగారముల వాకిండ్లలో బారులు తీరిరి. అట్టి బారుల ఛాయాచిత్రములు నేటికిని నిలిచియున్నవి. పసిపిల్లల తోపుడుబండ్లలో పిల్లలకు మారుగా గోనెసంచులు కూర్చుండియుండును. ముసలివారు మంచుపై బల్లచెక్కలను ఈడ్చుకొనిపోవుచుందురు. ఆ బండి నింపుకొని వచ్చిననాడు ఆ యింట పండుగ. పొలములలో దుంపకూరలు భూమితో కలసి గడ్డకట్టుటచే, రాతిరోడ్లు పగులగొట్టు డ్రిల్లు యంత్రములతో వానిని పెకలించిరి. రొట్టెకు అప్పటికే రేషను. యుద్ధకాలమున లేని రొట్టె రేషను 1946 జులైలో, శాంతికాలమున వచ్చినది. ఆహారశాఖామంత్రి పేరు స్ట్రేచీ. స్ట్రేచీతో పస్తులుండుడు, షిన్‌వెల్‌తో వణకుడు అని ప్రతిపక్షమువారు ప్రాసలు కట్టి ఎగతాళి చేసిరి.

వినోదములకును దెబ్బ తగిలెను. వేటకుక్కల పందెములు నిలిచెను. వారము నడుమ ఫుట్‌బాలు ఆటలను నిషేధించుటచేతను, మైదానములు గడ్డకట్టుటచేతను ఆ యేటి పోటీలు జూను వరకు సాగెను. బి.బి.సి. టెలివిజను నెల దినములు మూగవోయెను. విద్వాంసులకై 1946 సెప్టెంబరులో ఆరంభించిన 'థర్డ్ ప్రోగ్రాము' ఫిబ్రవరి 10 మొదలు రెండు వారములకు పైగా ఆగెను. వారపత్రికలును మాసపత్రికలును ఒక పక్షము వెలువడరాదని ఆజ్ఞ. ప్రజలు పెందలకడనే పక్కలు చేరిరి. దుప్పటికన్న చౌకయైన ఇంధనము వేరే యేమున్నది?

మారుమూలల కష్టము మరియొక తీరు. స్టాఫర్డ్ జిల్లాలోని గుట్టలపై పల్లెలు మంచు చుట్టుముట్టి లోకముతో సంబంధము కోల్పోయెను. ఫిబ్రవరి 13న వారికి ఆహారపుమూటలు జారవిడుచుటకు పోయిన వైమానికదళపు హాలిఫాక్సు విమానము గ్రిండను గ్రామము చెంత కూలి అందులోని ఎనిమిదిమందియు మరణించిరి. ఒక రొట్టెమూటకై యుద్ధవిమానము కూలుట శాంతికాలపు వింత.

ఇన్ని కష్టములలోను ప్రజలు ఎట్లు ప్రవర్తించిరి? ఇది మన ప్రసంగమునకు ప్రాణము. నిషిద్ధవేళలలో ఎవరింట దీపము వెలిగినదో ప్రతి యింటి తలుపు తట్టి చూచుట ఏ ప్రభుత్వమునకు సాధ్యము? మీట నొక్కు చేయి ఇంటిలోనిది. అయినను కోటానుకోట్ల చేతులు ఆ మీటను నొక్కక విడిచెను. అక్కడక్కడ దొంగచాటు వాడుక జరుగకపోలేదు. కాని మొత్తముమీద విద్యుత్తు వాడుక తగ్గెను. కేంద్రములలో బొగ్గు మెల్లగా కూడెను. ఫిబ్రవరి 24న మధ్యమండలపు కర్మాగారములకును, మార్చి 3న తక్కినవానికిని విద్యుత్తు తిరిగివచ్చెను. చట్టము ఆజ్ఞాపించినది, నిజమే. దానిని నెరవేర్చినది గృహస్థుల మర్యాద.

అట్లయిన వారికి కోపమెందుకు వచ్చెను? మంచు కురిసినందులకు ఎవరును మంత్రిని నిందింపరు. శుక్రవారము చెప్పి సోమవారము దీపమార్పించినందులకు నిందించిరి. దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దల మాట. శరత్కాలమున బొగ్గు చాలదని మంత్రి బహిరంగముగా చెప్పియున్నచో, అప్పుడే కొంచెము కొంచెముగా పొదుపు చేయించియున్నచో, ఫిబ్రవరిలో కర్మాగారములకు తాళములు పడియుండవు. చలిని క్షమించిన ప్రజలు, ధైర్యవచనముల చాటున దాగిన లెక్కను క్షమింపలేదు. కొరతను పంచుకొనుటకు ప్రజలు సిద్ధముగా నుందురు. అయితే అది కొరతయని సకాలమున వారికి తెలుపవలెను. ఆర్థికమంత్రి హ్యూ డాల్టను తరువాత ఆ సంవత్సరమును భయంకర వత్సరమని లాటిను మాటలలో పేర్కొనెను. 1951 వరకు లేబరు పక్షము అధికారమున నుండినను, ప్రణాళికతో దేశమును నడుపుటలో తమకు సాటిలేదన్న దాని ప్రతిష్ఠకు ఆ ఫిబ్రవరిలో పడిన బీట పూడలేదు.

ఇక మన దేశముతో నున్న సంబంధము. ఆ నెలలోని ఒక్క వారమును గమనింపుడు. ఫిబ్రవరి 18న పాలస్తీనా సమస్యను ఐక్యరాజ్యసమితికి అప్పగించుచున్నామని విదేశాంగమంత్రి బెవిన్ కామన్సు సభకు తెలిపెను. ఫిబ్రవరి 20న 1948 జూను లోపల భారతదేశమున అధికారమును భారతీయుల చేతికి ఒప్పగింతుమని అట్లీ ప్రకటించెను. వైస్రాయిగా వేవెల్‌కు బదులు మౌంట్‌బాటను వచ్చునని తెలిపినదియు నానాడే. ఫిబ్రవరి 21న గ్రీసు, టర్కీ దేశములకు మార్చి దాటిన పిమ్మట సహాయము చేయజాలమని బ్రిటను అమెరికాకు తెలియజేసెను. నాలుగు దినములు, మూడు ప్రకటనలు, ఆ నాలుగు దినములును లండనులో నియమితవేళలందు దీపములు లేవు.

భారతస్వాతంత్ర్యము బొగ్గుకరవువలన వచ్చినదనుట పొరపాటు. అది మనవారి సుదీర్ఘపోరాటమునకు ఫలము. గడువు పెట్టి వైదొలగవలెనన్న ఆలోచనయు 1946 డిసెంబరు నాటికే అట్లీ మనసున రూపుదిద్దుకొనినది. కాని ఇంట గెలిచి రచ్చ గెలువుమని లోకోక్తి. తన రాజధానిలో పగటివేళ మూడు గంటలు దీపము వెలిగింపలేని ప్రభుత్వము, నాలుగువేల మైళ్ల కవతల నున్న విశాలదేశమును బలముతో పట్టియుంచగలనని ఎవరికి చెప్పిన ఎవరు నమ్ముదురు? ఆనాటి సభలో నున్నవారికి ఈ సంగతి ఎవరును విప్పిచెప్పనక్కరలేదు. సభామందిరము వెలుపలి చలియే చెప్పినది.

మార్చి 10న మంచు కరగ నారంభించెను. గడ్డకట్టిన నేల నీటిని పీల్చజాలదు. కావున కరగిన మంచంతయు నదులలో పడి వరదలై ఇంగ్లండును ముంచెను. దేశములోని గొఱ్ఱెలలో ఇంచుమించు నాలుగవ వంతు నశించెను. అక్టోబరులో షిన్‌వెల్‌ను ఇంధనశాఖనుండి తప్పించి, హ్యూ గైట్స్‌కెల్‌ను నియమించిరి. ఆయన, స్నానములు కొంచెము తగ్గించినచో బొగ్గు మిగులునని ఒక సభలో సలహా చెప్పి, చర్చిల్ నోట పరిహాసము పాలాయెను. ఇండ్లకిచ్చు బొగ్గుపై రేషను 1958 వరకు తొలగలేదు. కాలము మారెను, బ్రిటనులో చివరి లోతుగని కెల్లింగ్లీ 2015 డిసెంబరులో మూతపడెను, బొగ్గుతో నడచిన కడపటి విద్యుత్కేంద్రము 2024 సెప్టెంబరు 30న ఆగెను. ఏ బొగ్గు లేక దేశము గడగడలాడెనో, ఆ బొగ్గుతో ఇక నచట విద్యుత్తు పుట్టదు.

కాని ఇంధనము మారినంతమాత్రమున ఆ శీతకాలపు పాఠము మారదు. బొగ్గు కానిండు, నూనె కానిండు, నీరు కానిండు; కొరత ఏ దేశమునకైనను ఏనాడైనను రావచ్చును. అది వచ్చినపుడు ఇంటింట మీటపై నుండు చేతిని పాలకులు నమ్మవచ్చునని 1947 నాటి గృహస్థులు నిరూపించిరి. ఆ చేతిని నమ్మి, నిజమును ముందుగా చెప్పుటయే పాలకుల వంతు. రెండు వారములు రాని ఆ రేడియో పత్రిక మరల ఇండ్లకు చేరిననాడు, దానిని చేతబట్టుకొని ఏ వేళకు ఏ పాట కలదో చూచుకొనిన శ్రోతకు, కార్యక్రమమును ముందుగా తెలిసికొనుటయందలి సుఖమెట్టిదో వేరుగా చెప్పవలసిన పని యుండి యుండదు.